యూవీ దీపం కింద వెలిగిన 31 నోట్లు: ఒక కేస్ స్టడీ

అనుమానాస్పద పత్రాలను పరీక్షించడం నా వృత్తి. వీలునామాలు, సంతకాలు, ధ్రువపత్రాలతో పాటు కరెన్సీ నోట్లు కూడా నా బల్ల మీదికి వస్తుంటాయి. ఈ కేసులో నేను రెండుసార్లు తప్పుడు అభిప్రాయం రాయబోయాను. మొదట అసలు నోట్లను నకిలీవని, తర్వాత ఒక నకిలీ నోటును అసలుదని. ఆ రెండు తప్పులకూ దారితీసిన ఆలోచన నోట్లు లెక్కించే ప్రతి ఒక్కరికీ వచ్చేదే. అందుకే అడుగడుగునా ఏమి ఆలోచించానో దాచకుండా రాస్తున్నాను. డిపాజిట్ చేసిన వ్యక్తి ఎవరో, ఏ సంస్థో, ఏ దేశపు నోట్లో తెలిపే వివరాలు మాత్రం తీసేశాను.

నేపథ్యం

అది నగదును లెక్కించి, వేరుచేసే కేంద్రం. వచ్చిన కట్టలను ముందు యంత్రంలో పెడతారు. యంత్రం పక్కకు నెట్టిన నోట్లను సీనియర్ క్యాషియర్ ఒకరు చేత్తో చూస్తారు. అక్కడి నియమావళి ప్రకారం చేత్తో చూడటమంటే రెండే పనులు: వేళ్ళతో తడమడం, అతినీలలోహిత దీపం కింద పెట్టడం. యూవీ దీపమని అందరూ పిలిచేది దానినే. రెండింటిలోనూ తప్పిన నోటు నకిలీల పుస్తకంలోకి ఎక్కుతుంది.

ఆ దీపం ఎందుకు పెట్టారో ముందు చెప్పాలి. ఆఫీసుల్లో వాడే తెల్లకాగితం అంత తెల్లగా కనిపించడానికి, తయారీలో కలిపే ఒక రకం రసాయనాలే కారణం. అవి కంటికి కనిపించని అతినీలలోహిత కాంతిని పీల్చుకుని, దానిని నీలి కాంతిగా తిరిగి వదులుతాయి. అందుకే చీకటి గదిలో యూవీ దీపం కింద మామూలు ప్రింటరు కాగితం నీలంగా వెలిగిపోతుంది. నోటు కాగితం అలా వెలగదు. అది సాధారణంగా చెట్ల గుజ్జుతో కాక ఎక్కువగా పత్తి పీచుతో తయారవుతుంది. డాలరు నోటులో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార ఉంటే, యూరో నోటు కాగితం పూర్తిగా పత్తిదే. ఆ కాగితంలో తెల్లదనం పెంచే రసాయనం వేయరు. కాబట్టి దీపం కింద నోటు మొత్తం మసకగా ఉండి, కావాలని పెట్టిన మెరిసే పీచులు, ప్రత్యేక సిరాతో ముద్రించిన భాగాలు మాత్రమే పైకి తేలి కనిపిస్తాయి. నోటంతా వెలిగిందంటే అది మామూలు కాగితం. కేంద్రంలో అందరికీ నేర్పిన సూత్రం ఇదే.

సమస్య

ఒక వ్యక్తి తెచ్చిన కట్టలో ఒకే విలువ గల 31 నోట్లను యంత్రం తిప్పికొట్టింది. క్యాషియర్ వాటిని తడిమి చూశారు. నోట్లు వడలిపోయి ఉన్నాయి, పెళపెళలాడటం లేదు, చిత్రం మీద వేలికి తగలవలసిన గరుకు దాదాపు లేదు. దీపం కింద పెడితే ముప్పై ఒకటీ నీలంగా వెలిగాయి. ఇరవై ఏళ్ళ అనుభవం ఉన్న ఆ క్యాషియర్ సంకోచించలేదు. నోట్లను స్వాధీనం చేసుకున్నారు, తెచ్చిన వ్యక్తి వాంగ్మూలం తీసుకున్నారు, నోట్లు నా దగ్గరికి వచ్చాయి.

వాంగ్మూలం ఉన్న కవరును నేను తెరవలేదు. నోట్లు చూడకముందే కథ చదివితే కన్ను ఆ కథకు సాక్ష్యాలు వెతుకుతుంది. నమ్మితే ఒకలా, నమ్మకపోతే ఇంకోలా. నా పరిశీలన కాగితం మీద పెట్టి తేదీ వేశాకే అలాంటి కవరు విప్పడం నేను చాలా ఏళ్ళుగా పాటిస్తున్న పద్ధతి. ఈ కేసులో ఆ పద్ధతి విలువ ఎంతో తర్వాత తెలిసింది.

మొదట చేసినవి, ఎందుకు ఫలించలేదు

మొదటి పని, అదే 31 నోట్లను మరో తయారీదారు యంత్రంలో వేయించాను. అది కూడా అన్నింటినీ తిప్పికొట్టింది. రెండు యంత్రాలు ఒకే మాట చెప్పాయి కదా అనిపించింది. కానీ తిరస్కరణ కోడ్‌లు తెప్పించి చూస్తే, రెండూ నోటు యూవీ వెలుగు దగ్గరే ఆగిపోయాయి. కొన్ని నోట్లకు కొలతలో స్వల్ప తేడా కూడా నమోదైంది. అంటే రెండు యంత్రాలు రెండు సాక్ష్యాలు ఇవ్వలేదు. ఒకే ప్రశ్నను రెండుసార్లు అడిగి, ఒకే జవాబును రెండుసార్లు రాశాయి.

రెండో పని, ప్రయోగశాలలో ఉండే నమూనా నోట్లతో పోల్చాను. ఇక్కడే పెద్ద పొరపాటు చేశాను. ఆ నమూనాలు చలామణిలోకి పోని కొత్త నోట్లు. వాటి పక్కన పెడితే నా ముందున్న నోట్లలో ప్రతిదీ లోపంగానే కనిపించింది. రంగు వెలిసింది, అంచులు మెత్తబడ్డాయి, రంగు మారే సిరాతో వేసిన అంకె వంచి చూస్తే అరకొరగానే మారుతోంది, మెరిసే పీచులు కనిపించడం లేదు. ఒక్కో తేడాకూ ఒక్కో వాక్యం చొప్పున పేజీన్నర రాశాను. ‘నకిలీవని భావించడానికి బలమైన ఆధారాలు ఉన్నాయి’ అని ముసాయిదా ముగించాను.

ఆ ముసాయిదాను నిలిపింది పన్నెండో నోటు. ఫోటో తీయడానికి దాన్ని దీపం కింద సరిచేస్తుంటే వెలుగు సమానంగా లేదని గమనించాను. ప్రింటరు కాగితం వెలుగు గోడకు వేసిన సున్నంలా ఒకే తీరుగా ఉంటుంది. ఈ నోటు మీద మాత్రం మడతల వెంట వెలుగు చిక్కగా ఉంది. ఒక అంచు దగ్గర, బట్ట మీద నీటి మరక ఆరినప్పుడు చుట్టూ మిగిలే గీతలా, వంకరటింకర నీలిరేఖ ఉంది. సిరా దట్టంగా ఉన్నచోట వెలుగు పలచబడింది. కాగితంలోనే ఉన్న రసాయనం ఇలా మడతలను వెతుక్కుంటూ పోదు. ఇది బయటి నుంచి, ద్రవంలో కలిసి వచ్చింది.

దీపం ఆపేసి ఆ నోటును కిటికీ వెలుతురుకు ఎదురుగా పట్టుకున్నాను. కాగితంలోనే ఉండే నీటిగుర్తులో (వాటర్‌మార్క్) ముఖం కనిపించింది. నుదురు తెల్లగా, చెంప నీడగా, మెడ దగ్గర ఇంకాస్త ముదురుగా, ఎక్కడా గీత లేకుండా ఒక ఛాయ నుంచి మరో ఛాయలోకి కరిగిపోతూ కనిపించింది. నోటును బల్ల మీద పెట్టి చూస్తే అక్కడ ఏమీ లేదు.

నిర్ణయం మారిన చోటు

ఆ సాయంత్రం కొత్త కాగితం తీసుకుని, నోటులోని భద్రతా లక్షణాలను రెండు గుంపులుగా రాసుకున్నాను. నోటుకు తర్వాత అంటుకోగలవి, నోటు నుంచి తర్వాత పోగలవి ఒక గుంపు. పుట్టుకతో తప్ప రానివి రెండో గుంపు. అంతకు ముందు ఎన్నడూ ఇలా విడదీసి చూడలేదు. అన్నింటినీ ఒకే వరుసలో పెట్టి, ఎన్ని పాసయ్యాయి, ఎన్ని తప్పాయి అని లెక్క కట్టేవాడిని.

యూవీ వెలుగు మొదటి గుంపులోది. పెళపెళ చప్పుడు, గరుకు, రంగు మారే సిరా నిగారింపు, కచ్చితమైన కొలత కూడా అందులోవే. నీరు, రాపిడి, వేడి వీటన్నింటినీ మార్చగలవు.

నీటిగుర్తు రెండో గుంపులోది. అది ముద్రించేది కాదు. కాగితం ఇంకా నీళ్ళలో తేలే గుజ్జుగా ఉన్నప్పుడే, తిరిగే జల్లెడ సిలిండరు మీద మలిచిన ఎత్తుపల్లాల వల్ల పీచు ఒకచోట పలచగా, మరోచోట మందంగా పేరుకుంటుంది. ఆ మందపు తేడాయే వెలుతురులో ముఖమవుతుంది. కాగితం తయారయ్యాక దాన్ని చేర్చలేరు, ఉతికి తీసేయలేరు. నకిలీలు చేసేవారు చాలాసార్లు లేత బూడిద రంగుతో ఆ బొమ్మను ఉపరితలం మీద వేస్తారు. అది వెలుతురుకు పట్టకుండానే, ఏటవాలుగా చూసినా కనిపిస్తుంది. అసలు నీటిగుర్తు అలా కనిపించదు.

ఉబ్బెత్తు ముద్రణ విషయం ఇంకాస్త సూక్ష్మమైనది. చెక్కిన లోహపు పలకలోని గాడుల్లో సిరా నింపి, కాగితాన్ని విపరీతమైన ఒత్తిడితో దాని మీద అదుముతారు. కాగితం గాడిలోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. కాబట్టి అక్కడ ఉబ్బేది సిరా ఒక్కటే కాదు, కాగితం కూడా ఉబ్బుతుంది. ఉతికి ఇస్త్రీ చేస్తే వేలికి తగిలే ఎత్తు తగ్గిపోవచ్చు. కానీ పక్క నుంచి తక్కువ ఎత్తులో టార్చి వేసి సూక్ష్మదర్శినిలో చూస్తే, గీత గీతకూ మిగిలిన గట్టు, గీతల కొసల దగ్గర పీచు వెంట పాకిన సిరా కనిపిస్తాయి. వేలు పట్టుకోలేనిది ఏటవాలు వెలుతురు పట్టుకుంటుంది.

ఈ విభజన తర్వాత కేసు మొత్తం వేరేగా కనిపించింది. క్యాషియర్ వేళ్ళు, దీపం రెండూ ఒకటే తీర్పు చెప్పాయని అందరం బలంగా నమ్మాం. కానీ ఒక్క ఉతుకు ఆ రెండింటినీ ఒకేసారి మార్చగలదు. ఒకే కారణం నుంచి పుట్టిన రెండు ఫలితాలను రెండు వేరువేరు సాక్ష్యాలుగా లెక్కపెట్టాం. ఈ కేసులో అందరినీ తప్పుదారి పట్టించింది ఇదే.

అయినా ఊహను నివేదికలో రాయలేను. నోట్లను జారీచేసే సంస్థ నుంచి రాతపూర్వక అనుమతి తీసుకుని, చలామణిలో నలిగిన అసలు నోట్లతో చిన్న ప్రయోగం చేశాను. కొత్త నోట్లతో పోల్చిన పొరపాటు మళ్ళీ చేయదలచుకోలేదు. ఒకదాన్ని ఉత్త నీళ్ళలో, ఒకదాన్ని తెల్లదనం పెంచే రసాయనం లేని సబ్బు నీళ్ళలో, ఇంకొకదాన్ని ఆ రసాయనం ఉన్న బట్టల పౌడరు నీళ్ళలో రాత్రంతా నానబెట్టాను. బట్టలు ఎండలో తెల్లగా మిలమిలలాడటానికి పౌడర్లలో వేసే రసాయనం, ప్రింటరు కాగితంలో వేసేది ఒకే కోవకు చెందినవి. ఆరబెట్టి, ఇస్త్రీ చేసి, దీపం కింద పెట్టాను. మొదటి రెండూ మసకగానే ఉన్నాయి. మూడోది నీలంగా వెలిగింది. మడతల వెంట చిక్కని వెలుగు, అంచున వంకర నీలిరేఖ, సిరా ఉన్నచోట పలచదనం అన్నీ యథాతథంగా ఉన్నాయి. మెరిసే పీచులు పోలేదు, చుట్టూ ఉన్న నీలి వెలుగులో మునిగిపోయాయి. దీపం కిందే భూతద్దంతో వెతికితే దొరికాయి.

ఇక్కడ చరిత్రలోని ఒక సంగతి గుర్తుకొచ్చింది. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు సాక్సెన్‌హాసెన్ నిర్బంధ శిబిరంలో ఖైదీల చేత బ్రిటిష్ పౌండ్ నోట్లకు నకళ్ళు చేయించారు. వారి తొలి కాగితం యూవీ దీపం కింద అసలుదానిలా కనిపించలేదు. అసలు కాగితం వాడిన పాత గుడ్డలతో తయారైందని, తమది కొత్త నారతో చేసిందని గుర్తించారు. దాంతో నార గుడ్డలను ఫ్యాక్టరీలలో తుడుపు గుడ్డలుగా వాడించి, ఉతికించి, అప్పుడు గుజ్జు చేశారు. ఒక ఉతుకు కాగితం వెలుగును ఎంత మార్చగలదో వారికి ఆనాడే తెలుసు. దీపాన్నే పూర్తిగా నమ్ముకున్న నాకు ఆ కథ ముందే గుర్తుకు రావలసింది.

రెండో పొరపాటు

ప్రయోగం ఫలించాక నాకు తొందర పెరిగింది. ఒక మనిషి మీద దొంగనోట్ల అనుమానం వేలాడుతోంది, త్వరగా తేల్చాలన్న ఆత్రం. 31 నోట్లలో ఎనిమిదింటిని క్షుణ్ణంగా చూశాను. ఎనిమిదీ అసలువే. మిగిలిన వాటి వెలుగు తీరు కూడా అలాగే ఉంది కాబట్టి, ‘నోట్లన్నీ అసలువే, బట్టల పౌడరు నీళ్ళలో తడిసినవి’ అని రెండో ముసాయిదా రాసి సమీక్షకు పంపాను.

సమీక్షించిన సహోద్యోగిని నన్ను అడిగింది ఒక్కటే: ‘ఇవి కలిసి తడిశాయని తెలుసు సార్. కలిసి పుట్టాయని ఎలా తెలుసు?’

నా దగ్గర సమాధానం లేదు. ఒకే అచ్చులో పడిన సరుకైతే కొన్నింటిని చూసి మిగతావాటి గురించి చెప్పవచ్చు. ఒక మనిషి దగ్గర పోగైన నోట్లు ముప్పై ఒక్క చేతుల నుంచి వచ్చి ఉండవచ్చు. ఉతుకు వాటి జీవితంలో ఉమ్మడిగా జరిగిన ఒక్క సంఘటన మాత్రమే. మొదట దీపం వెలుగును చూసి అన్నీ నకిలీ అనుకున్నాను, ఇప్పుడు అదే వెలుగును చూసి అన్నీ అసలు అంటున్నాను. రెండుసార్లూ దీపాన్ని అడగకూడని ప్రశ్నే అడిగాను.

మిగిలిన 23 నోట్లను ఒక్కొక్కటిగా చూడటానికి రెండు రోజులు పట్టింది. పందొమ్మిదోది నకిలీ.

దీపం కింద దానికి, దాని పక్క నోటుకు నేను ఏ తేడా చెప్పలేకపోయాను. ఒకటి ఉతికితే వెలిగింది, ఇంకొకటి పుట్టుకతోనే వెలిగేది, దాని మీద ఉతుకు నీళ్ళు అదే మడతల గీతలు వేశాయి. కానీ కిటికీ వెలుతురులో దాని నీటిగుర్తు ముఖానికి నుదురు, చెంప అన్న తేడా లేదు. అంతా ఒకే బూడిద రంగు, చుట్టూ స్పష్టమైన అంచు. సూక్ష్మదర్శినిలో గీతలు గీతలుగా లేవు, కరిగి అతుక్కున్న పొడి రేణువులుగా ఉన్నాయి. గీత పక్కన ఖాళీ ఉండవలసిన చోట కూడా దారి తప్పిన రేణువులు చల్లినట్టు పడి ఉన్నాయి. లేజరు ప్రింటరు పని అది. మడత మీద ఆ పొడి పెచ్చులుగా ఊడి, కింద తెల్లకాగితం బయటపడింది. అసలు నోటు మడత మీద రంగు వెలుస్తుంది, కానీ పీచులోకి దిగిన గీత తెగిపోదు. చివరగా కుడివైపు కింది మూల. సన్నని పట్టకారుతో తాకితే మూల రెండు పొరలుగా విడిపోయింది. రెండు పలచటి కాగితాలను జిగురుతో అతికి, మధ్యలో వెండి రంగు పట్టీ పెట్టి భద్రతా దారం అనిపించారు. ఉతుకులో జిగురు వదిలింది, ఇస్త్రీ మళ్ళీ అణచిపెట్టింది.

అసలు నోట్లలో దారం కాగితం తయారయ్యేటప్పుడే పీచు మధ్యలోకి వెళుతుంది. 1940లో బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మొదటిసారి ఒక పౌండ్ నోటులో లోహపు దారం పెట్టింది. 1984లో 20 పౌండ్ల నోటుకు కాగితంలో మునుగుతూ తేలుతూ కిటికీల్లా కనిపించే దారం తెచ్చింది. రెండు కాగితాల మధ్య అతికించిన పట్టీ వెలుతురుకు పట్టినప్పుడు నిండుగా కనిపించవచ్చు గానీ, ఉపరితలం మీద అలా మునిగి తేలలేదు. ఈ నోటు మీద తేలినట్టు చూపించడానికి వెండి రంగు ముక్కలు ముద్రించారు.

ఫలితం

30 నోట్లు అసలువి, ఒకటి నకిలీ అని నివేదిక ఇచ్చాక వాంగ్మూలం కవరు తెరిచాను. పని బట్టల జేబులో పెట్టిన డబ్బు సంగతి మరచి బట్టలతో పాటు నానబెట్టానని, భయపడి ఇస్త్రీ చేసి ఆరబెట్టానని ఆయన మొదటి రోజే చెప్పారు. ఆ మాట పక్కన కేంద్రంలో ఎవరో ‘నమ్మదగినది కాదు’ అని రాశారు. ముప్పై నోట్ల విలువ ఆయనకు దక్కింది. మిగిలిన ఆ ఒక్కటీ పోయింది. నకిలీ నోటుకు బదులు డబ్బు ఇవ్వరు. అది ఎవరో ఆయనకు అంటగట్టినదే కావచ్చు, కానీ ఆ మాట చెప్పే ఆధారం కాగితంలో ఉండదు, నివేదికలో రాయలేదు.

ఈ కేసు నేర్పినవి

కేంద్రం నియమావళిని తిరిగి రాయడంలో సాయపడ్డాను. దీపాన్ని తీసేయాలని నేను అనలేదు. వేల నోట్లలో అనుమానించదగిన వాటిని వేరుచేయడానికి అది పనికొస్తుంది. తీర్పు చెప్పడానికి పనికిరాదు. ‘ఈ కాగితం మీద వెలిగే రసాయనం ఉందా?’ అన్న ప్రశ్నకే అది జవాబిస్తుంది. ఇప్పుడు దీపం కింద వెలిగిన నోటును తప్పనిసరిగా వెలుతురుకు పట్టి నీటిగుర్తు చూడాలి, ఏటవాలు టార్చితో ఉబ్బెత్తు గీతలు చూడాలి, దారం పైకి తేలిన చోట భూతద్దం పెట్టాలి. ఈ మూడూ చూశాకే నమోదు.

దీని తిరగేసిన రూపం గురించి ఎక్కువ హెచ్చరించాను. దీపం కింద మసకగా ఉండటం కూడా నిర్దోషిత్వం కాదు. వెలగని కాగితం వెతికి తెచ్చుకునే నకిలీదారులు ఉన్నారు. అమెరికాలో కొందరు ఐదు డాలర్ల అసలు నోటు సిరాను రసాయనాలతో కడిగేసి, అదే కాగితం మీద వంద డాలర్ల నోటు ముద్రించేవారు. కాగితం అసలుదే కాబట్టి కాగితానికి పెట్టే ఏ పరీక్షా, కాగితం వెలుగును మాత్రమే చూసే దీపమైనా, పిండిపదార్థం తగిలితే నల్లబడే అయోడిన్ పెన్ను అయినా, దాన్ని పట్టుకోలేదు. వెలుతురుకు పడితే మాత్రం వంద డాలర్ల నోటులో, ఐదు డాలర్ల నోటుకు చెందిన లింకన్ ముఖం కనిపించేది. 2008లో వచ్చిన కొత్త ఐదు డాలర్ల నోటులో ముఖం బదులు పెద్ద 5 అంకెను నీటిగుర్తుగా పెట్టారు. కడిగినా ఆ అంకె పోదు.

డిజైనర్లు ఒక్కో లక్షణాన్ని ఒక్కో రకం మోసానికి అడ్డుగా పెడతారు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. చూసేవారు తమకు సులువైన ఒక్కదాన్ని పట్టుకుని మిగతావి వదిలేస్తే, నోటులో ఎన్ని లక్షణాలు పెట్టినా మిగిలేది ఆ ఒక్కటే. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం. ఆ నీటిగుర్తు సిలిండరును మలిచిన చేతి పనిని చూడటానికి కావలసిందల్లా ఒక కిటికీ.

నా సొంత పద్ధతిలో రెండు మార్పులు వచ్చాయి. పోలికకు కొత్త నమూనాలతో పాటు నలిగిన, నానిన, మరకపడిన అసలు నోట్ల నమూనాలు కూడా పెట్టుకున్నాను. నోట్ల గుంపులో కొన్నింటిని చూసి అన్నింటికీ అభిప్రాయం చెప్పడం, అవి ఒకే చోట పుట్టాయని వేరే ఆధారం ఉంటే తప్ప, పూర్తిగా మానేశాను.

ప్రయోగంలో ఉతికిన నోటు, ఒక శిక్షణ నకిలీ నోటు ఇప్పుడు కేంద్రం శిక్షణ గదిలోని పెట్టెలో ఉన్నాయి. కొత్తగా చేరిన క్యాషియర్లకు మొదటి రోజు ఆ రెండింటినీ దీపం కింద పక్కపక్కన చూపిస్తారు. రెండూ నీలంగా వెలుగుతాయి. తర్వాత దీపం ఆపేసి, రెండు నోట్లూ వారి చేతికి ఇచ్చి, కిటికీ తెర తీస్తారు.